చూసినవాళ్లు చెబితేనే చరిత్ర

1956 డిసెంబరు 7న మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో రెండు రకాల ఫుట్‌బాల్ ఆడారు. ఒకటి ఆ గడ్డ మీద పుట్టిన ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. జట్టుకు 18 మంది, కోడిగుడ్డు ఆకారపు బంతి, కోలగా ఉండే మైదానం. గోలుకు ఆరు పాయింట్లు, గురి కాస్త తప్పితే ఒకటి. ఒలింపిక్స్‌లో దాన్ని ప్రదర్శన క్రీడగా పెట్టారు. విక్టోరియా రాష్ట్రపు స్థానిక అమెచ్యూర్ సంఘం జట్టు 81-55 స్కోరుతో గెలిచింది. అదే రోజు, అదే మైదానంలో రెండో ఆట కాంస్య పతకం కోసం. అందులో భారత్ 0-3తో బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం ఇప్పటికీ అంతకంటే పైకి పోలేదు. ఆ జట్టు కోచ్ హైదరాబాద్ బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, ఇరవై ఏళ్ల తులసీదాస్ బలరాం లాంటి హైదరాబాద్, సికింద్రాబాద్ కుర్రాళ్లు ఆ జట్టులో ఉన్నారు. ఆ రోజు ఆడిన స్థానిక ఆటకు విక్టోరియాలో గోల్స్ లెక్కతో సహా చిట్టా ఉంది. మన కుర్రాళ్లు ఏ వాడల్లో, ఏ మైదానాల్లో ఆడి మెల్‌బోర్న్ దాకా ఎదిగారో, ఆ తొలి మ్యాచ్‌ల చిట్టా మన దగ్గర అంత పదిలంగా లేదు. వాటి చరిత్రను ఇన్నాళ్లూ మోసుకొచ్చింది చూసిన జనమే. ఆ జనం మాటను చరిత్రకు ఆధారంగా లెక్కలోకి తీసుకోవాలనీ, కాలం మించిపోకముందే రాసి పెట్టుకోవాలనీ ఈ వ్యాసం వాదన.

ఈ వాదన హైదరాబాద్ కోసం మాత్రమే కాదు. జగిత్యాల జిల్లా సారంగాపూర్ చుట్టుపక్కల ఊళ్లలోనూ, కోరుట్ల, సిరిసిల్ల వైపూ ఆట అంటే ముందుగా కబడ్డీ, ఆ తర్వాత వాలీబాల్, క్రికెట్. పండక్కో, జాతరకో, ఊరి పెద్దమనిషి పేరు మీదనో పోటీలు పెడతారు. సర్కారు బడి మైదానంలో రాళ్లేరి, నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీస్తారు. మైకు పట్టుకున్న మనిషి కూతకు వెళ్లిన ప్రతి ఆటగాణ్ని పేరు పెట్టి పిలుస్తాడు. సెమీఫైనల్‌కి పొద్దు గూకుతుంది, ఫైనల్ లైట్ల వెలుతురులో నడుస్తుంది. చివరి కూతలో ఎవరు ఎవరి మడమ పట్టారు, గీత తాకిందా లేదా, అంపైర్ ఎటు చెయ్యెత్తాడు అన్నది పదేళ్ల తర్వాత కూడా చాయ్ హోటళ్ల దగ్గర తెగని పంచాయితీ. ఆ పంచాయితీయే ఆ మ్యాచ్‌కు మిగిలిన ఏకైక దస్తావేజు. స్కోరు రాసిన నోటుబుక్కు బహుమతులు పంచిన రాత్రే ఎక్కడో పోతుంది. షీల్డు మాత్రం బడి బీరువాలోనో యువజన సంఘం గదిలోనో మిగులుతుంది. దాని మీద ఏడాది ఉంటుంది గానీ ఆడినవాళ్ల పేర్లుండవు.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కథ చూస్తే ఈ నష్టం ఎంతటిదో తెలుస్తుంది. బొంబాయిలో 1891లో మొదలైన రోవర్స్ కప్‌ను ఈ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌తో మొదటి ఆట తేలకపోతే మళ్లీ ఆడి కప్పు పట్టుకొచ్చింది. తర్వాత 1954లో, 1957లో అదే కప్పు మళ్లీ గెలిచింది. 1961లో ఆంధ్రా పోలీస్ పేరుతో మరోసారి మోహన్ బగాన్‌నే ఓడించింది. హైదరాబాద్ జట్టు 1956-57, 1957-58లో వరసగా సంతోష్ ట్రోఫీ గెలిచింది. రెండోది సొంత ఊళ్లోనే. కలకత్తా క్లబ్బుల డబ్బూ పేరూ ముందు ఒక నగర పోలీసు జట్టు ఇలా నిలబడడం చిన్న సంగతి కాదు. దీని వెనక ఉన్న మనిషి రహీం సాబ్. బడిలో పాఠం చెప్పినంత పద్ధతిగా ఆట నేర్పాడు. బంతిని కాళ్ల దగ్గర ఆడించుకుంటూ పోవడం నిషేధించి పోటీలు పెట్టాడు. పాస్ చెయ్యక తప్పని పరిస్థితి తెచ్చాడు. అలవాటు లేని కాలితోనే తన్నాలని షరతు పెట్టి ఇంకో రకం పోటీలు నడిపాడు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టుకు బంగారు పతకం తెచ్చిపెట్టాడు. జకార్తాలో మనకు వ్యతిరేకంగా అరుస్తున్న వేలాది జనం మధ్య దక్షిణ కొరియాను 2-1తో ఓడించినప్పటికే ఆయనకు క్యాన్సర్. 1963 జూన్ 11న కన్నుమూశాడు.

ఈ గెలుపుల తేదీలు దొరుకుతాయి. దొరకనిది వాటి వెనకనున్న స్థానిక ఆట. అలవాటు లేని కాలి పోటీలో ఏ వాడ జట్టు గెలిచింది? అమ్ముగూడ నుంచి వచ్చిన బలరాంను మొదట ఏ మ్యాచ్‌లో గుర్తించారు, అప్పుడు గట్టున నిలబడి చూసినవాళ్లు ఏమనుకున్నారు? దీన్ని రికార్డు పుస్తకాలు చెప్పవు, చూసినవాళ్లు చెప్పాలి. నగరంలో ఆ కాలపు ఫుట్‌బాల్ ముచ్చట ఎక్కువగా ఉర్దూలో సాగింది, అచ్చులోనూ అంతే. ఉర్దూ చదవగల తరం తగ్గిపోతున్న కొద్దీ ఆ అచ్చయిన సాక్ష్యం తెలుగు పాఠకుడికి తాళం వేసిన గదే అవుతోంది. రోవర్స్ కప్ కొత్త శతాబ్దం మొదట్లోనే ఆగిపోయింది. పోలీసు శాఖ చేతిలో ఉన్న గోషామహల్ మైదానంలో ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనాలకు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఆసుపత్రి అవసరాన్ని ఎవరూ కాదనరు. కానీ పోటీ పోయి, మైదానం పోయి, భాష కూడా దూరమయ్యాక మిగిలేది మనుషుల జ్ఞాపకమే. రహీం మీద హిందీ సినిమా ‘మైదాన్’ రావడానికి 2024 దాకా పట్టింది. ఆయన పోయి అప్పటికి అరవై ఏళ్లు దాటింది. ఆయన శిక్షణను కళ్లారా చూసినవాళ్లలో ఎక్కువ మంది ఈలోగా వెళ్లిపోయారు. బలరాం కూడా 2023 ఫిబ్రవరిలో వెళ్లిపోయాడు.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది: జ్ఞాపకం అబద్ధం చెబుతుంది. అభిమాని జ్ఞాపకం మరీను. నిజమే, దానికి మన ఫుట్‌బాల్‌లోనే పెద్ద ఉదాహరణ ఉంది. ఒట్టి కాళ్లతో ఆడనివ్వబోమన్నారు కాబట్టే 1950 ప్రపంచ కప్పుకు భారత్ వెళ్లలేదని దేశమంతా చెప్పుకుంటుంది. అప్పటి భారత ఫుట్‌బాల్ సంఘం ప్రపంచ కప్పు కంటే ఒలింపిక్స్‌కే విలువిచ్చిందనీ, ప్రయాణం, సన్నాహం విషయంలో వెనకాడిందనీ పరిశోధకులు చూపించాక కూడా బూట్ల కథే నిలబడింది. హైదరాబాద్ అభిమానులు చెప్పే ఇంకో ముచ్చట తీసుకోండి. 1943లో సిటీ అఫ్గాన్స్ పేరుతో ఆడిన పోలీసు జట్టు బెంగళూరులో రాయల్ ఎయిర్‌ఫోర్స్ జట్టును ఓడించి ఆష్ గోల్డ్ కప్ గెలిచిందనీ, ఓడిన జట్టులో డెనిస్ కాంప్టన్ ఆడాడనీ అంటారు. కాంప్టన్ ఇంగ్లండ్ క్రికెటర్, ఆర్సెనల్ ఫుట్‌బాలర్ కూడా. యుద్ధకాలంలో ఇండియాలో ఉన్నాడు. 1944-45 రంజీ ఫైనల్లో హోల్కర్ తరఫున 249 నాటౌట్ కొట్టాడు. అయితే ఆయన పనిచేసింది వైమానిక దళంలో కాదు, సైన్యంలో. కాబట్టి ఏడాదో, జట్టు పేరో, ఆటగాడి పేరో ఒకటి తిరిగి సరిచూసుకోవాల్సిందే. అంతమాత్రాన ముచ్చట మొత్తాన్ని పారేస్తామా? ఎక్కడ వెతకాలో చెప్పింది ఆ ముచ్చటే కదా. ఊరు, కప్పు, ఏడాది, ప్రత్యర్థి అన్నీ ఇచ్చింది. బెంగళూరు పాత పత్రికలు తిరగేసే మనిషికి ఇంతకంటే మంచి దారి దొరకదు. కోర్టులో సాక్షి ఒక తేదీ తప్పు చెబితే వాంగ్మూలం అంతా కొట్టెయ్యరు, మిగతా సాక్ష్యంతో కలిపి చూస్తారు. ఆట విషయంలో మనం ఆ రెండో పని చెయ్యలేదు. తప్పు జ్ఞాపకానిది కాదు, దాన్ని అడిగి రాసుకోనివాళ్లది.

విక్టోరియా ఈ పని ఎలా చేసిందో చూడడం మనకు పనికొస్తుంది. అక్కడ 1859లోనే మెల్‌బోర్న్ క్లబ్ నియమాలు కాగితం మీద పెట్టారు. 1912 నుంచి మ్యాచ్ రోజున అమ్మే చిన్న పుస్తకం ‘ఫుట్‌బాల్ రికార్డ్’లో జట్ల జాబితాలు అచ్చయ్యేవి. 1970 విక్టోరియా లీగు ఫైనల్లో సగం ఆట అయ్యేసరికి 44 పాయింట్లు వెనకబడ్డ కార్ల్‌టన్, చివరికి కాలింగ్‌వుడ్ మీద 10 పాయింట్లతో గెలిచింది. ఆ రోజు వచ్చిన జనం 1,21,696 మంది అని ఈనాటికీ చెప్పగలరు. అది పెద్ద ఆట సరే. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం నడిపే ట్రోవ్ అనే డిజిటల్ భాండారంలో చిన్న పట్టణాల పాత పత్రికలు కూడా ఉన్నాయి. స్కాన్‌లో తప్పుగా పడిన అక్షరాలను మామూలు పాఠకులే ఇంట్లో కూర్చుని దిద్దుతారు. తాత చెప్పిన మ్యాచ్ నిజమా కాదా అని మనవడు ఆ ఊరి పత్రికలోనే చూసుకోవచ్చు. ఫిట్జ్‌రాయ్ క్లబ్ 1996లో పెద్ద లీగులో చివరి మ్యాచ్ ఆడి బ్రిస్బేన్‌లో కలిసిపోయినా, అభిమానులు వదల్లేదు. 2009 నుంచి ఆ పేరుతోనే అమెచ్యూర్ లీగులో జట్టు ఆడుతోంది. అక్కడి జనానికి మనకంటే జ్ఞాపకశక్తి ఎక్కువని కాదు. వాళ్ల జ్ఞాపకాన్ని ఆనించడానికి కాగితం ఉంది, మనకు లేదు. కాగితం లేని చోట మనిషి మాటకు విలువ మరింత పెరగాలి. మన దగ్గర అది తలకిందులై, కాగితం లేదు కాబట్టి మాటకూ విలువ లేదనుకున్నాం.

పోలీసు జట్టుది దేశస్థాయి ఘనత, ఊళ్లో కబడ్డీ పోటీకి చరిత్రెందుకు అని అడిగేవాళ్లుంటారు. కబడ్డీ దారి చూస్తే జవాబు దొరుకుతుంది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సందర్భంగా మహారాష్ట్రలోని అమరావతి నుంచి వెళ్లిన హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండల్ కబడ్డీని ప్రదర్శించింది. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల ఆట అయింది. 2014లో ప్రొ కబడ్డీ లీగ్ వచ్చింది, తెలుగు టైటాన్స్ జట్టు పుట్టింది. బెర్లిన్‌కూ బీజింగ్‌కూ మధ్య 54 ఏళ్లు ఆ ఆటను బతికించింది ఎవరు? స్టేడియాలు కాదు, టీవీలు కాదు. పల్లె మైదానాలు. ఇంకో సంగతి: ఊరి ఆట ఊరి కథ చెబుతుంది. జగిత్యాల, కోరుట్ల పల్లెల నుంచి గల్ఫ్‌కు, సిరిసిల్ల నుంచి భీవండి, సూరత్ మగ్గాలకు వలస పోయిన కాలంలో ఏ జట్టులో ఎంత మంది మిగిలారో రాసి ఉంటే, అది ఏ సర్వేకూ తీసిపోని లెక్క అయ్యేది. ఏ వాడ పిల్లలను జట్టులోకి రానిచ్చారు, ఎవరిని గట్టు మీదే ఆపారు, అమ్మాయిల జట్టు మొదట ఏ ఊళ్లో దిగింది, ఏ మైదానం ఏ ఏడాది ప్లాట్లయిపోయింది: ఇవన్నీ ఆట ముచ్చట్లలో దాగిన సమాచారమే. జగిత్యాల చరిత్ర అంటే కోట కథ, 1978 రైతు కూలీల జైత్రయాత్ర చెప్పి ఆపేస్తాం. అవి ఉండాల్సిందే. అయితే ఆ యాత్ర నడిచిన తరం సాయంత్రాలు ఏం ఆడిందన్నది కూడా ఆ చరిత్రలో భాగమే.

ఇప్పుడు ప్రతి చేతిలో ఫోనుంది, అంతా రికార్డవుతోంది కదా అనే మాట తొందరపాటు. వీడియోలో కూత వినిపిస్తుంది, పట్టు కనిపిస్తుంది. ఊరు, తేదీ, పేర్లు రాయకపోతే ఇరవై ఏళ్ల తర్వాత అది ఎవరో ఎవరినో పట్టుకున్న దృశ్యంగా మిగులుతుంది. పైగా ఫోన్లు రాకముందు ఆడిన ఆటలకు సాక్షులు ఇప్పుడు అరవై, డెబ్బై దాటినవాళ్లు.

పని పెద్దదేం కాదు, డబ్బూ అక్కర్లేదు. సారంగాపూర్, బీర్‌పూర్, కోరుట్ల, సిరిసిల్ల వైపు వ్యాయామ ఉపాధ్యాయులు, యువజన సంఘాలవాళ్లు, డిగ్రీ కాలేజీల చరిత్ర విద్యార్థులు ఊరికో నోటుబుక్కు తెరవండి. ఒక మ్యాచ్‌కు ఒక పేజీ చాలు: ఏ ఊరి మీద ఏ ఊరు, ఏ పండగకు, ఏ మైదానంలో, ఎవరెవరు ఆడారు, ఎంత స్కోరు, ఈ సంగతి ఎవరు చెప్పారు. ఒకే మ్యాచ్‌ను గెలిచిన ఊరినీ, ఓడిన ఊరినీ రెండింటినీ అడగండి. రెండు మాటలు కలవకపోతే రెండూ రాయండి. షీల్డులకు ఫొటో తియ్యండి. రాసిన ప్రతి పేజీ నకలు ఒకటి జగిత్యాల గ్రంథాలయంలో ఇవ్వండి. గల్ఫ్‌లో ఉన్న పాత ఆటగాళ్లకు ఈ వారమే ఫోన్ చెయ్యండి, ఊళ్లో ఉన్న పెద్దవాళ్ల దగ్గరికి అంతకంటే ముందే వెళ్లండి.