యుద్ధాధికారము ఎవరిది? కర్నూలు 1839: ఒక చారిత్రక పరిశీలన

యుద్ధము చేయవలెనన్న నిర్ణయం పాలకునిదా, శాసనసభదా? ఈ ప్రశ్న ఢిల్లీకో వాషింగ్టన్‌కో మాత్రమే చెందినది కాదు. మన కర్నూలు కోట కూడా దీనికి సాక్షి. ఆ సంగతిని ఇక్కడ క్లుప్తంగా పరిశీలించదలచాము.

భారతదేశంలో రాజ్యవిస్తరణ తమ జాతి గౌరవానికి విరుద్ధమని బ్రిటిష్ పార్లమెంటు 1784 నాటి పిట్ ఇండియా చట్టంలో ప్రకటించింది. లండన్‌లోని కంపెనీ పెద్దల ఉత్తర్వు లేనిదే గవర్నర్ జనరల్ యుద్ధం ప్రకటించరాదని నిషేధించింది. అయితే ఎదుటివాడు యుద్ధం ప్రారంభించినా, అందుకు వాస్తవంగా సిద్ధపడినా ఈ నిషేధం వర్తించదు. 1793 చార్టర్ చట్టం ఈ నియమాన్నే కొనసాగించింది.

1800లో నిజాం కడప, బళ్ళారి ప్రాంతాలను కంపెనీకి దత్తం చేసిన తరువాత కర్నూలు నవాబు కంపెనీకి పేష్కషు చెల్లించే సామంతుడయ్యాడు. 1839లో నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఆయుధాలు కూడబెడుతున్నాడన్న ఆరోపణ వచ్చింది. కంపెనీ సైన్యం కర్నూలు చేరింది. కోటలో దాచిన ఫిరంగులు, మందుగుండు బయటపడ్డాయి. అక్టోబరు 18న జొహరాపురం వద్ద పోరు జరిగి నవాబు బందీ అయ్యాడు. 1840లో తిరుచిరాపల్లిలో హత్యకు గురయ్యాడు. అతని రాజ్యం కంపెనీ వశమైంది.

ఆయుధాలు దొరికిన మాట నిజమే. అయితే అవి యుద్ధానికి సిద్ధపాటా, కాదా అని తేల్చవలసినది ఎవరు? ఆరోపించినది, విచారించినది, దండెత్తినది, చివరకు రాజ్యాన్ని స్వాధీనం చేసుకొన్నది ఒకే ప్రభుత్వం. అది యుద్ధమా, సామంతుని అణచివేతా అని పేరు పెట్టే అధికారమూ దానిదే. మినహాయింపును పరీక్షించే రెండవ చెయ్యి లేనప్పుడు నిషేధం కాగితానికే పరిమితమవుతుంది.

1858 చట్టంలో పార్లమెంటు ఖజానా తాళం పట్టుకొంది. దండయాత్రను ఎదుర్కొనడం వంటి అత్యవసరాలలో తప్ప, ఉభయసభల సమ్మతి లేకుండా భారత ఆదాయాన్ని సరిహద్దుల వెలుపలి సైనిక చర్యలకు వాడరాదన్నది. సరిహద్దు లోపలి కర్నూలు వంటి సంస్థానాలకు ఈ రక్షణ అందలేదు.

మన రాజ్యాంగం 53వ అధికరణంలో రక్షణ దళాల సర్వాధిపత్యాన్ని రాష్ట్రపతికిచ్చి, దాని వినియోగం చట్టానికి లోబడి ఉండాలన్నది. రాష్ట్రపతి మంత్రిమండలి సలహాపై నడుస్తాడు గనుక అసలు నిర్ణయం మంత్రిమండలిదే. యుద్ధానికి పార్లమెంటు ముందస్తు అనుమతి అవసరమని ఏ అధికరణమూ చెప్పదు. నిధుల మంజూరు, ప్రశ్నించే హక్కు, అవిశ్వాస తీర్మానం సభ చేతిలో ఉన్నాయి. 1978 నాటి 44వ సవరణ ప్రకారం మంత్రివర్గ నిర్ణయం లిఖితపూర్వకంగా అందనిదే రాష్ట్రపతి అత్యవసర పరిస్థితిని ప్రకటించరాదు. ఆ ప్రకటనను నెలలోగా ఉభయసభలు ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలి. ఈ సవరణ అమలులోకి వచ్చిన నాటి రాష్ట్రపతి మన రాయలసీమ బిడ్డ నీలం సంజీవరెడ్డి కావడం విశేషం. అమెరికాలో 1973 చట్టం ప్రకారం అధ్యక్షుడు సైన్యాన్ని పోరులోకి దింపితే 48 గంటలలో కాంగ్రెసుకు తెలపాలి. కాంగ్రెసు సమ్మతించకపోతే సాధారణంగా 60 దినాలలో విరమించాలి. అక్కడ కూడా ఏది పోరు అన్న వివాదం తీరలేదు.

అధికారుల కొరకు ప్రార్థించే మనము, ఏ నిర్ణయం ఎవరి చేతిలో ఉన్నదో కూడా ఎరిగి ఉండాలి. ఖడ్గము ధరించినవానిని లెక్క అడిగేవాడు మరొకడు ఉండాలన్నదే కర్నూలు చరిత్ర మనకు నేర్పే పాఠము.