విశాఖపట్టణపు రోడ్లు – సైకిలువాని దారి



ముల్లు వచ్చి ఆకుమీద బడినను, ఆకు పోయి ముల్లుమీద బడినను చినుగునది ఆకే యను సామెతను మనలో ఎఱుగనివారు లేరు. పట్టణపు రోడ్లమీద సైకిలునకును మోటారుబండికిని గల పొత్తు ఇట్టిదే. తప్పు ఎవరిదైనను ఎముక విఱుగునది సైకిలువానికి. విశాఖపట్టణమునందు రేవును, ఓడల కార్ఖానాను, ఉక్కు ఫ్యాక్టరీని తమ రెక్కల కష్టముచే నిలిపినవారిలో చుట్టుపట్ల పల్లెలనుండి సైకిలెక్కి వచ్చిన పనివారు ఎందఱో కలరు. పట్టణము పెరిగినకొలది వారికి రోడ్డుమీద చోటు తఱుగుచు వచ్చినది. ఇది యెట్లు జరిగినది? ఇందు న్యాయము ఎవరి పక్షమున నున్నది? పల్లెలలోని పెద్దలు చేయదగిన దేమి? ఈ మూడు సంగతులను నేడు మనవి చేసెదను.

రోడ్డుమీదికి ముందు వచ్చినది సైకిలే గాని మోటారు కాదు. 1817లో జర్మనీ దేశమున డ్రైస్ అను నతడు రెండు చక్రముల కొయ్యబండిని చేసెను. దానికి పెడళ్లు లేవు. కాళ్లతో నేలను తన్నుకొనుచు పోవలసినదే. 1885లో ఇంగ్లండునందు స్టార్లీ యను నతడు రెండు చక్రములును ఇంచుమించు సమానముగా నుండి, గొలుసుచే వెనుకచక్రము తిరుగు సైకిలును తయారు చేసెను. నేడు మన పల్లెలలో పాలక్యానులు మోయు సైకిలు దాని సంతతియే. 1888లో డన్లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడు చక్రముల బండికి గాలి నింపిన రబ్బరు టైరును అమర్చెను. ఆ టైరే పిమ్మట మోటారునకు పోయినది. ఇంగ్లండులోను అమెరికాలోను గుంటలు లేని మంచి రోడ్లు కావలెనని తొలుత ఆందోళన చేసినవారిలో సైకిలు సంఘములవారు ముఖ్యులు. వారు అడిగి వేయించుకొన్న రోడ్లనే మోటార్లు తరువాత ఆక్రమించుకొన్నవి.

మోటారు అపాయకరమైనదని ఆ కాలపువారికి తెలియకపోలేదు. ఇంగ్లండులో 1865లో చేసిన చట్టము ప్రకారము యంత్రపు బండి పల్లెదారులలో గంటకు 4 మైళ్లును, పట్టణములలో 2 మైళ్లును మించి పోరాదు; దానికి ముందుగా ఒక మనిషి ఎఱ్ఱజెండా పట్టుకొని నడువవలెను. 1896లో ఈ కట్టుబాట్లను సడలించి వేగమును 14 మైళ్ల వరకు అనుమతించిరి. చిత్రమేమనగా, ఆ 1896వ సంవత్సరముననే మే నెలలో న్యూయార్కు నగరమున ఒక మోటారు, సైకిలుపై పోవుచున్న ఒక స్త్రీని ఢీకొని కాలు విఱుగగొట్టినది. అమెరికాలో నమోదైన మొదటి మోటారు ప్రమాదములలో ఒకటిగా దానిని చెప్పుదురు. నడిపినవాడు ఆ రాత్రి ఠాణాలో గడపెను. అనగా మోటారు పుట్టుకతోనే సైకిలుతో దాని తగవును పుట్టినది.

ఇక మన విశాఖపట్టణపు సంగతి. 1931లో రాయపూరునుండి విజయనగరమునకు రైలుదారి పూర్తియైనది. మధ్యపరగణాల సరకు సముద్రతీరమునకు వచ్చుటకు వీలు చిక్కినది. 1933 అక్టోబరులో రేవు ఓడల రాకపోకలకు తెరువబడెను. ఆ డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు దానికి ప్రారంభోత్సవము చేసెను. 1941 జూను 21న బాబూ రాజేంద్రప్రసాదు గారు సింధియా కంపెనీవారి ఓడల కార్ఖానాకు శంకుస్థాపన చేసిరి. మఱుసటి ఏప్రిలు 6న జపానువారి బాంబులు పట్టణముపై బడినవి. ఆ యుద్ధకాలమున పెట్రోలునకు కఱవు వచ్చి, బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచెడివి. మోటారునకు తిండి లేని ఆ దినములలో రోడ్డు సైకిలువానిదే. 1948 మార్చి 14న పండిత నెహ్రూ గారు ‘జల ఉష’ యను ఓడను నీటిలోనికి దింపిరి. ఆ కార్ఖానాయే తరువాత హిందూస్థాన్ షిప్‌యార్డు అయినది. సింధియా పేరు అచటి కూడలికి నేటికిని నిలిచియున్నది.

ఆ కాలపు పట్టణము చిన్నది. 1951 జనాభా లెక్కలలో అది లక్ష దాటి కొంచెము మాత్రమే. సైకిలు కొనగలుగుట అప్పుడొక హోదా. మదరాసులో టి.ఐ. కంపెనీ 1949లోను, సోనేపటులో అట్లాసు 1951లోను, లూధియానాలో హీరో 1956లోను వెలసిన పిమ్మట స్వదేశపు సైకిళ్లు విరివిగా దొరకసాగినవి. అల్లునికి సైకిలును, చేతిగడియారమును, రేడియోను పెట్టుట మన పెండ్లిళ్లలో మర్యాద యైనది. మునిసిపాలిటీవారు సైకిలునకు పన్ను వసూలుచేసి రేకుబిళ్ల నిచ్చెడివారు. రాత్రివేళ దీపము లేకున్న పోలీసువాడు ఆపును. ఇద్దఱు ఎక్కిన ‘డబుల్సు’ అని పట్టును. మా యింట నొక కిరసనాయిలు సైకిలు దీపము చాలకాలము అటకమీద నుండెను. పోలీసువారి భయమునకు కొన్న దీపము వెలుగునకు కూడ అక్కఱకు వచ్చెడిదని మా పెద్దలు నవ్వుచు చెప్పెడివారు.

ఈ కట్టుబాట్లు చెడ్డవని నేననను. దీపము లేని సైకిలు చీకటిలో కనబడదు. ఇద్దఱెక్కినచో అదుపు తప్పును. కాని యొక సంగతి గమనింపుడు. జాగ్రత్త యంతయు ఆకునకే బోధింపబడినది. ముల్లునకు బోధ చాలలేదు. రోడ్డుమీద లారీలు వేళ్లమీద లెక్కింపదగినన్ని యున్నంతకాలము ఈ లోపము బయటపడలేదు.

తరువాత కథ మారినది. 1957లో కాల్టెక్సువారి చమురుశుద్ధి కర్మాగారము, 1967లో కోరమాండల్ ఎరువుల కర్మాగారము వచ్చినవి. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అని 1966లో చేసిన ఆందోళన మీలో పెక్కురకు జ్ఞాపకముండును. 1970 ఏప్రిలులో ప్రధాని ఇందిరాగాంధి గారు ఉక్కు ఫ్యాక్టరీని ప్రకటించి, 1971 జనవరి 20న శంకుస్థాపన చేసిరి. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు గారు దానిని జాతికి అంకితము చేసిరి. 2011 నాటికి నగర జనాభా 17 లక్షలు దాటినది.

ఇన్ని కర్మాగారములకును దారి ఒకటే. మదరాసునుండి కలకత్తాకు పోవు జాతీయ రహదారి, వెనుకటి 5వ నంబరు, నేటి 16వ నంబరు, ఈ నగరము నడుబొడ్డునుండి పోవుచున్నది. కూర్మన్నపాలెము, గాజువాక, ఎన్.ఎ.డి. కొత్తరోడ్డు, కంచరపాలెము, మద్దిలపాలెము, హనుమంతువాక, మధురవాడ – ఈ ఊళ్లన్నియు దానిమీదివే. దూరదేశపు సరకు మోయు లారీకిని, క్యారియరునకు అన్నపుగిన్నె కట్టుకొని షిఫ్టునకు పోవు కూలివానికిని అదియే రోడ్డు. లారీ గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవునప్పుడు సెకనునకు సుమారు 55 అడుగులు దాటును. సైకిలు 15 కిలోమీటర్లతో పోవుచు ఆ సెకనులో 14 అడుగులు పోవును. డ్రైవరు చూచి బ్రేకుపై కాలు మోపులోపలనే 55 అడుగులు గడచిపోవును. వేగము రెట్టింపైనచో తాకిడి బలము నాలుగు రెట్లగును. ఇది గణితశాస్త్రపు మాట. నేర్పునకును ధైర్యమునకును లొంగునది కాదు.

పెద్ద లారీ ఎడమకు తిరుగునప్పుడు దాని వెనుకచక్రములు ముందుచక్రముల జాడను విడిచి లోపలికి కోసుకొని వచ్చును. ఎడమప్రక్కన ఆనుకొనియున్న సైకిలువాడు ఎత్తున కూర్చున్న డ్రైవరు కంటికి ఆనడు. నిలిచిన కారు తలుపు తటాలున తెఱచుకొన్నచో సైకిలువాడు నడిరోడ్డున బడును. తారురోడ్డు అంచు దిగి మట్టిలో చక్రము జాఱినను అంతే. రోడ్డు వెడల్పుచేసి నడుమ గోడ కట్టినప్పుడు, అవతలి ప్రక్కకు పోవలసినవాడు దూరపు మలుపువఱకు పోయి రావలెను. రెక్కలతో తొక్కువాడు కనుక ఎదురుదారి పట్టును. అప్పుడు తప్పు అతనిదని అందఱు అందురు. తప్పే, కాని ఆ తప్పునకు దారితీసిన రోడ్డు గీసినవారు అతనిని తలచుకొనలేదు. కేంద్రప్రభుత్వపు లెక్కల ప్రకారము 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. వారిలో సైకిలుపై పోవువారు 4,800 మందికి పైబడిరి.

ఇది తప్పించుకొనరాని విధి కాదు. హాలండు దేశమున 1971లో సుమారు 3,300 మంది రోడ్లమీద చనిపోయిరి. వారిలో 400 మందికి పైగా పిల్లలు. మఱుసటి యేడు తల్లిదండ్రులు వీథులకెక్కి, పిల్లల హత్యను ఆపుడని ప్రభుత్వమును నిలదీసిరి. 1973లో చమురు కఱవును వచ్చినది. ఆ పిమ్మట అచట ఊరూర సైకిళ్లకు వేఱు బాటలు వేసిరి. మోటారు సైకిలును ఢీకొన్నచో నష్టము మొదట మోటారువాడే భరింపవలెనను న్యాయమును గూడ పాటించుచున్నారు. బరువైనది బాధ్యత వహింపవలెను, తేలికైనది బ్రతుకవలెను – ఇదియే దాని సారము.

మన దేశపు చట్టములును కొంత దూరము ఆ దారినే నడచినవి. మొదటి మోటారు చట్టము 1914 నాటిది. తరువాత 1939, 1988 సంవత్సరములలో క్రొత్తవి వచ్చినవి. 2019లో చేసిన సవరణ ప్రకారము, తప్పు ఎవరిదని నిరూపింపకయే, మరణించినచో 5 లక్షల రూపాయలును, తీవ్రముగా గాయపడినచో రెండున్నర లక్షలును మోటారు యజమాని లేక భీమా కంపెనీ ఈయవలెను. గుద్దినబండి ఏదో తెలియకపోయినను మరణమునకు 2 లక్షలు, తీవ్రగాయమునకు 50,000 రూపాయలు 2022 ఏప్రిలునుండి ఈయబడుచున్నవి. దానికై రెవెన్యూ అధికారులకు దరఖాస్తు పెట్టుకొనవలెను. బండి నంబరు తెలియలేదు గదా యని ఊరకుండు కుటుంబములు పల్లెలలో కలవు. వారికి ఈ మాట చెప్పువారు మీరే.

ఇంకొక విషయము కలదు. నా అభిప్రాయమున ఇదియే అన్నిటికంటె ముఖ్యము. గుద్దిన డ్రైవరు ఆగి, గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చుట చట్టవిధి. కాని పలువురు పాఱిపోవుదురు. ఏల? ఆగినచో జనము మీద బడి కొట్టుదురను భయము. పాఱిపోయినవానికి పదేండ్ల వఱకు శిక్ష విధించు నిబంధనను 2023 నాటి క్రొత్త శిక్షాస్మృతిలో చేర్చిరి. 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మెకట్టి, ఆగినచో ప్రాణభయము, పోయినచో జైలుభయము అని మొఱపెట్టుకొనగా ప్రభుత్వము దాని అమలును ఆపి యుంచినది. డ్రైవరును మనవంటి పల్లెవాని బిడ్డయే. రోడ్డు ప్రక్క ఊరివారు అతనిపై చేయిచేసికొనుచున్న ఆ పావుగంటయే నెత్తురోడుచున్న సైకిలువానికి బ్రతుకో చావో తేల్చు పావుగంట. కోపము తీర్చుకొనుటలో మనవానినే పోగొట్టుకొనుచున్నాము.

గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చినచో పోలీసు చిక్కులు, కోర్టు తిరుగుళ్లు వచ్చునను భయమును నేడు పనిలేదు. 2016లో సుప్రీంకోర్టు సహాయము చేయువారికి రక్షణ కల్పించు నియమములను ఆమోదించినది. 2019 సవరణలో అవి చట్టముననే చేరినవి. తన పేరు చెప్పుమని గాని, సాక్ష్యమునకు రమ్మని గాని వారిని నిర్బంధింపరాదు.

నేడు విశాఖలో సైకిలు త్రొక్కువారు రెండు తెగలు. సముద్రపుటొడ్డు రోడ్డుపై ఉదయము దేహారోగ్యమునకై, తలకు టోపీ బిగించి, మెఱయు దుస్తులతో పోవువారు కొందఱు. చీకటిలో గాజువాక వైపు పొట్టకూటికై పోవువారు మఱికొందఱు. మొదటివారి మాట పత్రికలకెక్కును. రెండవవారి మాట ఎత్తవలసినవారు వారి ఊరి పెద్దలే. పట్టణమునకు పనికి పోవు బిడ్డకు సైకిలు వెనుక ఎఱ్ఱ అద్దమును, ముందు దీపమును పెట్టింపుడు. లారీ ఎడమప్రక్కన నిలువవద్దని చెప్పుడు. అంతటితో ఆగక, మీ ఊరి మీదుగా రోడ్డు వెడల్పగునప్పుడు సైకిలునకు బాట యేదని సభలో లేచి అడుగుడు.

ఇఱుకు బాటలో రెండు బండ్లు ఎదురైనప్పుడు ఉత్తబండి ప్రక్కకు దిగి, బరువుబండికి దారి ఇచ్చుట మన పల్లెల న్యాయము. ఎద్దుల మెడ నొచ్చునని తలచి పెట్టుకొన్న కట్టుబాటది. అనగా కష్టపడువానికి దారి. ఇంజను బలముతో పోవువాడు రెక్కల బలముతో పోవువానికి దారి ఇచ్చుట ఆ న్యాయమునకు క్రొత్త రూపమే గాని వేఱొకటి కాదు. విశాఖపట్టణమువంటి నగరమునకు ఆ న్యాయమును గుర్తుచేయదగినవారు దానిని తరతరములుగా పాటించిన మీరే.