జెస్సికా కథ రాసిన సారా స్మిత్

నీతికథ అంటే పెద్దవాళ్లు పిల్లలకు బుద్ధి చెప్పడానికి రాసేదని నేను అనుకునేదాన్ని. సారా స్మిత్ గురించి చదివాక ఆ అభిప్రాయం మారింది.

ఆమె 1832లో ఇంగ్లండులో, ష్రాప్‌షైర్ ప్రాంతంలోని వెల్లింగ్టన్ అనే ఊళ్లో పుట్టింది. తండ్రికి పుస్తకాల దుకాణం ఉండేది. ఆ పుస్తకాలు చదువుతూనే పెరిగింది. 1859లో ఆమె కథను చార్లెస్ డికెన్స్ తన పత్రికలో వేశాడు. ఆమె కలం పేరు హెస్బా స్ట్రెటన్. తన పేరులో, తోబుట్టువుల పేర్లలో మొదటి ఇంగ్లీషు అక్షరాలు కలిపి 'హెస్బా' అని పెట్టుకుంది. 'స్ట్రెటన్' ఒక ఊరి పేరు నుంచి తీసుకుంది.

1866లో ఒక క్రైస్తవ పత్రికలో ఆమె రాసిన 'జెస్సికాస్ ఫస్ట్ ప్రేయర్' వచ్చింది. జెస్సికా లండన్ వీధుల్లో తిరిగే పిల్ల. తల్లి తాగుబోతు. కాళ్లకు చెప్పులు లేవు, కడుపునిండా తిండి లేదు. రైలు వంతెన కింద కాఫీ అమ్మే డేనియల్ వారానికోసారి ఆమెకు కాఫీ, రొట్టె ఇస్తాడు. అదే డేనియల్ గొప్పవాళ్లు వచ్చే ఒక ప్రార్థనామందిరంలో కూడా పనిచేస్తాడు. అక్కడికి వచ్చిన జెస్సికాను మాత్రం, ఇది నీలాంటివాళ్లు వచ్చే చోటు కాదని పంపేస్తాడు. డబ్బే లోకంగా బతికిన ఆ మనిషి మనసు చివరికి ఆ పిల్ల వల్లే మారుతుంది.

ఈ కథలో బుద్ధి తెచ్చుకోవలసింది పిల్ల కాదు, భక్తిపరులమనుకునే పెద్దలు. ఆ పుస్తకం 15 లక్షల ప్రతులకు పైగా అమ్ముడైంది.

కానీ కథలో ఒక్క జెస్సికాకు ఆసరా దొరికితే సరిపోతుందా? మిగతా పిల్లల మాటేమిటి? ఆమె కూడా కథ దగ్గరే ఆగిపోలేదు. లండన్‌లో జంతువులను హింస నుంచి కాపాడే సంఘం 1824లోనే మొదలైంది. పిల్లల కోసం అలాంటి సంఘం అక్కడ 1884 దాకా లేదు. దాన్ని స్థాపించినవాళ్లలో ఆమె ఒకరు. 1889లో చట్టం వచ్చింది. పిల్లల్ని హింసించే తల్లిదండ్రుల దగ్గర్నుంచి వాళ్లను తీసుకుని వేరేచోట ఉంచే అధికారం కోర్టుకు దక్కింది. ఆమె 1911లో చనిపోయింది.

మా వీధి చివర టీ బండి దగ్గర ఒక అబ్బాయి గ్లాసులు కడుగుతుంటాడు. బడికి వెళ్తూ రోజూ చూస్తాను. వాడి పేరేమిటో నేను ఇంతవరకూ అడగలేదు.