రైల్వే పట్టణంలో సినిమా అల్మరా: గ్రంథాలయ వీడియో సేకరణకు వినోద చిత్రాల ఎంపిక

పశ్చిమ బెంగాల్‌లోని పశ్చిమ మేదినీపూర్ జిల్లాకు చెందిన ఖరగ్‌పూర్ రైలుతో పాటు పుట్టి పెరిగిన పట్టణం. పంతొమ్మిదో శతాబ్దం చివరి సంవత్సరాల్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్‌నూ, ఆ వెనుకనే వర్క్‌షాపునూ నెలకొల్పడంతో ఉత్తరాంధ్ర, గంజాం ప్రాంతాల నుంచి తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో తరలివచ్చాయి. 1927–28 నాటి రైల్వే కార్మిక పోరాటాల్లో, అనంతర కాలంలో రాష్ట్రపతి పదవిని అధిష్ఠించిన వి.వి. గిరి ముఖ్య పాత్ర వహించారు. తెలుగుకు అధికార భాష హోదా కల్పించాలని రాష్ట్ర మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించింది.

ఇటువంటి పట్టణంలో ఒక గ్రంథాలయం పుస్తకాల సరసన వీడియో సేకరణను ఏర్పరచాలంటే, ఏ చిత్రాలు కొనాలి అనేది తేలికపాటి ప్రశ్న కాదు. ఇక్కడి తెలుగు కుటుంబాలలో మూడో తరం, నాలుగో తరం పిల్లలు ఎందరో ఇంట్లో తెలుగు మాట్లాడతారు, వీధిలో హిందీ, బెంగాలీ మాట్లాడతారు, బడిలో ఇంగ్లీషు చదువుతారు. తెలుగు అక్షరాలు రాని పిల్లవాడికి తెలుగు నవలల అల్మరా మూసిన తలుపుతో సమానం. సినిమాకు అక్షరాలతో పని లేదు. అందువల్ల తెలుగు పుస్తకం చేయలేని పనిని ఈ అల్మరా కొంతవరకు చేయగలదు, అయితే అందులో ఆ పిల్లవాడు చూడదలచిన చిత్రం ఉండాలి.

వినోద చిత్రాల పట్ల గ్రంథాలయాలలో కొంత సంకోచం కనిపిస్తుంది. పురస్కారాలు పొందిన చిత్రాలు, డాక్యుమెంటరీలు కొంటే ఎవరూ ప్రశ్నించరు, హాస్య చిత్రం కొంటే సంజాయిషీ ఇవ్వవలసి వస్తుందన్నది ఆ జంకు. ఇది నిరాధారమైనది. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రతిపాదించిన పంచ సూత్రాలలో మొదటిది పుస్తకం ఉన్నది వినియోగానికే అంటుంది, రెండోది ప్రతి పాఠకుడికీ అతడికి తగిన పుస్తకం దొరకాలంటుంది. పుస్తకం అన్నచోట చిత్రం అని చదువుకుంటే చాలు. డిటెక్టివ్ నవలను నిస్సంకోచంగా కొనే గ్రంథాలయం డిటెక్టివ్ చిత్రాన్ని కొనడానికి వెనుకాడవలసిన పని లేదు.

విభాగాలకు తెలుగు పేర్లు

చిత్రాలను కోవల వారీగా ఎంచుకునేటప్పుడు పాశ్చాత్య కేటలాగుల్లోని వర్గీకరణను యథాతథంగా దించుకుంటే తెలుగు చిత్రాలలో సగం ఎక్కడా ఇమడవు. తెలుగు ప్రేక్షకుడికి తనదైన వర్గీకరణ ఎప్పటి నుంచో ఉంది. పౌరాణికం, జానపదం, చారిత్రకం, సాంఘికం అన్నవి పోస్టర్ల మీదా పత్రికల సమీక్షల్లోనూ స్థిరపడిన మాటలు. వీటిలో జానపదం అన్న మాట బెంగాలీ సిబ్బందిని సులువుగా తికమక పెడుతుంది, పల్లెపాటల సంకలనం అనుకొని సంగీతం అరలో పెట్టే ప్రమాదం ఉంది. తెలుగు సినిమాలో జానపదం అంటే రాజకుమారి, మాంత్రికుడు, కత్తియుద్ధం, పాతాళ గృహం ఉన్న అద్భుత కథ. కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ ఆ కోవకు ప్రామాణిక ఉదాహరణ. పదేళ్ల పిల్లలకు తెలుగు చిత్రాన్ని పరిచయం చేయడానికి నేటికీ దాన్ని మించిన ప్రవేశద్వారం అరుదు.

పౌరాణికాలలో ‘మాయాబజార్’ (1957), ‘నర్తనశాల’ (1963), తెలుగులో తొలి పూర్తి నిడివి వర్ణచిత్రమైన ‘లవకుశ’ (1963) తప్పనిసరి. హాస్యానికి జంధ్యాల ‘అహ నా పెళ్ళంట’ (1987), నవ్వుతో కలిసిన అపరాధ పరిశోధనకు ఆయనదే ‘చంటబ్బాయ్’ (1986), కౌబాయ్ చిత్రానికి ‘మోసగాళ్లకు మోసగాడు’ (1971), చారిత్రకానికి ‘అల్లూరి సీతారామరాజు’ (1974), సంగీత ప్రధానమైన వాటిలో ‘శంకరాభరణం’ (1980), కాలయానం మీద ‘ఆదిత్య 369’ (1991), ఉత్కంఠకు ‘క్షణక్షణం’ (1991) చాలు. ఒక్కో కోవ నుంచి తొలి విడతలో రెండు మూడు చిత్రాలకు మించి కొనకపోవడమే మేలు. ఏ అర ఖాళీ అవుతున్నదో తెలిసిన తరువాత ఆ కోవను పెంచవచ్చు.

వీటికి తోడు, ఉత్తరాంధ్ర యాసను తెర మీదికి తెచ్చిన చిత్రాలకు ఖరగ్‌పూర్‌లో ప్రత్యేక స్థానం ఉండాలి. ఇక్కడి తెలుగువారిలో చాలామంది తాతల ఊళ్లు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాలవే. విశాఖలోని ఒక పేటను అక్కడి మనుషులతోనే చిత్రించిన ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) ఈ దృష్టితో చూస్తే చాలా పురస్కార చిత్రాల కంటే ముందు రావాలి. ‘పలాస 1978’ (2020) కూడా అదే నేల మీది కథ, కాని హింస ఎక్కువ కనుక పెద్దల అరలో ఉంచాలి.

రెండు భాషల మధ్య వంతెన

ఖరగ్‌పూర్ గ్రంథాలయం ఇతర ఊళ్ల కంటే మెరుగ్గా చేయగలిగిన పని ఒకటుంది. తెలుగు, బెంగాలీ చిత్రాలను జతలుగా కొనడమే అది. ఈ రెండు సినిమాల బంధుత్వం చాలామంది అనుకొనేదాని కంటే పాతది. తొలి తెలుగు టాకీలలో కొన్ని తయారైనది కలకత్తాలోనే. సి. పుల్లయ్య దర్శకత్వం వహించిన ‘సావిత్రి’ (1933), ‘లవకుశ’ (1934) రెండూ కలకత్తాలోని ఈస్ట్ ఇండియా ఫిల్మ్ కంపెనీ నిర్మించినవే.

ఆ తరువాత కథలు ఎక్కువగా బెంగాల్ నుంచి తెలుగుకు వచ్చాయి. శరత్‌చంద్రుని నవల ‘దేవదాసు’గా 1953లో తెరకెక్కింది. ఆయన ‘నిష్కృతి’ నుంచి ‘తోడికోడళ్ళు’ (1957), ‘బడదీదీ’ నుంచి ‘బాటసారి’ (1961) వెలువడ్డాయి. ‘మిస్సమ్మ’ (1955) మాతృక రవీంద్రనాథ్ మైత్ర రాసిన ‘మాన్‌మయీ గర్ల్స్ స్కూల్’. శరత్ నవలలను తెలుగు చేసిన చక్రపాణి దాన్ని ఆంధ్ర వాతావరణానికి ఎంత సహజంగా మలిచారంటే, అది అరువు కథ అన్న అనుమానం కూడా చూసేవారికి కలగదు. ఉత్తమ్‌కుమార్, సుచిత్రా సేన్ నటించిన ‘అగ్నిపరీక్ష’ (1954) తెలుగులో ‘మాంగల్యబలం’ (1959) అయింది. ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచితే, పక్కింటి బెంగాలీ కుటుంబం ఒకటి, తెలుగు కుటుంబం మరొకటి తీసుకుపోయి, మరుసటి వారం మార్చుకొనే అవకాశం ఉంటుంది.

ఎదురు దిశలో సాగిన ప్రయాణం చిన్నదే గాని విలువైనది. మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ కథ ‘కఫన్’ ఆధారంగా 1977లో తెలుగులోనే ‘ఒక ఊరి కథ’ తీశారు. గౌతమ్ ఘోష్ తొలి కథాచిత్రం తెలంగాణ సాయుధ పోరాటం మీద తీసిన ‘మా భూమి’. ఈ రెండూ వినోద చిత్రాల నిర్వచనంలోకి తేలికగా రావు, అయినా బెంగాలీ దర్శకులు తెలుగులో తీసినవి కనుక ఈ పట్టణంలో వాటికి మినహాయింపు ఇవ్వవచ్చు.

బెంగాలీ అరలో సత్యజిత్ రాయ్ పేరు చూడగానే ‘పథేర్ పాంచాలి’ ఒక్కటే కొని ఊరుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. ఆయన పిల్లల అద్భుత కథ ‘గూపీ గాయెన్ బాఘా బాయెన్’ (1969), డిటెక్టివ్ చిత్రం ‘సోనార్ కెల్లా’ (1974) ఇంటిల్లిపాదీ చూడదగినవి. కథ దాదాపు అంతా రైలు పెట్టెల్లోనే నడిచే ‘నాయక్’ (1966) రైల్వే పట్టణానికి చెప్పి చేయించినట్టుంటుంది. హిందీలో ‘ఎం.ఎస్. ధోనీ: ది అన్‌టోల్డ్ స్టోరీ’ (2016) ఇక్కడ సహజంగానే గిరాకీ ఉండే చిత్రం. ధోనీ టికెట్ తనిఖీ ఉద్యోగిగా పనిచేసినది ఈ స్టేషన్‌లోనే, 1,072.5 మీటర్ల పొడవుతో ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరొందిన ప్లాట్‌ఫాం మీదనే.

భాషల తగవు ఏమాత్రం లేని చిత్రం ఒకటుంది. సింగీతం శ్రీనివాసరావు 1987లో తీసిన ‘పుష్పక విమానం’లో సంభాషణలే లేవు. నాలుగైదు భాషలు వినిపించే కాలనీలో దానికి రెండు ప్రతులు కొన్నా తప్పు లేదు.

డిస్కును పరీక్షించడం

మంచి చిత్రం ఎంచుకోవడం ఒక ఎత్తు, దాని మంచి ప్రతి సంపాదించడం మరో ఎత్తు. తెలుగు చిత్రాల పాత వీసీడీలలో ఒక్కో డిస్కుకు సుమారు 75 నుంచి 80 నిమిషాలే పడుతుంది కనుక సినిమా రెండు మూడు డిస్కులుగా ఉంటుంది, ఒకటి పోతే మిగిలినవి నిరుపయోగం. ఒకే డీవీడీలో మూడు సినిమాలు కుక్కిన ప్రతులు చవకే గాని వాటిలో బొమ్మ మసకబారుతుంది, కొన్నిసార్లు పాటలు, సన్నివేశాలు ఎగిరిపోతాయి.

కోత పడిందో లేదో తెలుసుకోవడానికి సులభ మార్గం చిత్రం మొదట్లో కనిపించే సెన్సార్ సర్టిఫికెట్. దాని మీద చిత్రం పొడవు మీటర్లలో, పాతవాటిలో అడుగులలో ఉంటుంది. 35 మిల్లీమీటర్ల ఫిల్ము నిమిషానికి 90 అడుగులు, అంటే సుమారు 27.4 మీటర్లు నడుస్తుంది. సర్టిఫికెట్‌లో 4,930 మీటర్లు అని ఉంటే చిత్రం 180 నిమిషాలన్నమాట. అయితే పాల్ పద్ధతిలో తయారైన డిస్కు సెకనుకు 24 ఫ్రేములకు బదులు 25 చూపుతుంది కాబట్టి అదే చిత్రం దాదాపు 173 నిమిషాలకే ముగుస్తుంది. ఆ తేడాను కోతగా భావించరాదు. 150 నిమిషాలే వస్తే మాత్రం ఆ ప్రతిని తిప్పి పంపడం ఉత్తమం.

ఉపశీర్షికల పరీక్ష దీని కంటే ముఖ్యమైనది. తెలుగు విని సగం అర్థం చేసుకునే పిల్లలకూ, తెలుగు రాని పొరుగువారికీ అవే ఆధారం. పెట్టె మీద ఉపశీర్షికలు ఉన్నాయని రాసి ఉంటే సరిపోదు. పాటలకు కూడా ఉన్నాయా, సంభాషణతో సమయం కుదురుతున్నదా, పదాల విరుపు మీద ఆధారపడిన హాస్యాన్ని అనువాదకుడు కనీసం ప్రయత్నించాడా అన్నవి పది నిమిషాలు చూస్తే తేలతాయి. ‘మాయాబజార్’లో పింగళి నాగేంద్రరావు కల్పించిన ‘అసమదీయులు’ వంటి మాటలు వచ్చే ఘట్టం ఇందుకు తగిన గీటురాయి. అక్కడ తెర కింది భాగం ఖాళీగా ఉంటే ఆ డిస్కు తాతయ్యలకే పనికివస్తుంది.

చట్టం ఏమంటున్నది

కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం సినిమా ప్రతిని వ్యాపార దృష్టితో అద్దెకు ఇచ్చే హక్కు హక్కుదారుదే. అయితే 2012 సవరణ చట్టం, న్యాయంగా సంపాదించిన ప్రతిని లాభాపేక్ష లేని గ్రంథాలయం లాభాపేక్ష లేకుండా అరువివ్వడాన్ని ఆ నిర్వచనం నుంచి మినహాయించింది. అందువల్ల అసలు డిస్కు కొని, రసీదు భద్రపరచి, సభ్యులకు ఇంటికి ఇవ్వడం సక్రమమే. నకిలీ డిస్కుకు ఈ రక్షణ వర్తించదు, ఎవరో విరాళంగా ఇచ్చినదైనా సరే.

హాలులో పదిమందిని కూర్చోబెట్టి ప్రదర్శించడం వేరే సంగతి, అందుకు హక్కుదారు అనుమతి కావాలి. విద్యాసంస్థలో విద్యార్థులు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు తదితర సంబంధితుల ముందు జరిగే ప్రదర్శనకు చట్టంలో మినహాయింపు ఉంది కనుక పట్టణంలోని తెలుగు పాఠశాలలతో కలిసి పనిచేయడం గ్రంథాలయానికి లాభిస్తుంది. చలనచిత్రం మీది కాపీరైట్ విడుదలైన సంవత్సరం తరువాత 60 ఏళ్లకు ముగుస్తుంది. 1957 నాటి చిత్రాలకు ఆ గడువు 2017 చివర తీరింది. అయితే కథ, పాట, సంగీతాల హక్కులు వేరుగా నిలిచి ఉండవచ్చు కాబట్టి పాత చిత్రమైనంత మాత్రాన స్వేచ్ఛగా వాడుకోవచ్చని తీర్మానించరాదు.

వయోపరిమితికి సెన్సార్ ధ్రువీకరణే ఆధారం. 2023 సవరణ యూఏ వర్గాన్ని 7, 13, 16 ఏళ్లు పైబడినవారికి తగినవిగా మూడుగా విభజించింది. పాత డిస్కుల మీద ఒట్టి యూఏ మాత్రమే ఉంటుంది, వాటిని సిబ్బంది చూసి నిర్ణయించాలి.

ఇటీవలి చిత్రాలు చాలావరకు డిస్కులుగా రావడమే లేదు. స్ట్రీమింగ్ వేదికల వ్యక్తిగత చందాలు ఒక ఇంటి వాడకానికి ఉద్దేశించినవి, వాటితో గ్రంథాలయ సేవ నడపడం ఒప్పందానికి విరుద్ధం. కనుక మార్కెట్‌లో మిగిలి ఉన్న పాత డిస్కులను ఇప్పుడే కొనడం అవసరం, రెండేళ్ల తరువాత డబ్బున్నా సరుకు ఉండకపోవచ్చు. వీహెచ్ఎస్ టేపులు విరాళంగా వస్తే నిరాకరించనవసరం లేదు. వ్యాపారేతర ప్రజా గ్రంథాలయం తన వద్ద ఉన్న డిజిటల్ కాని ప్రతిని భద్రత కోసం ఎలక్ట్రానిక్ రూపంలో నిల్వ చేసుకోవడానికి చట్టం అనుమతిస్తున్నది.

ఖరగ్‌పూర్ వానాకాలపు తేమలో డిస్కులను పడుకోబెట్టకుండా నిలువుగా, గట్టి పెట్టెల్లో ఉంచాలి. డిస్కు మీద కాగితపు చీటీ అంటించడం, బాల్‌పెన్‌తో రాయడం, గ్రంథాలయ ముద్ర వేయడం మూడూ హానికరమే. ప్రవేశ సంఖ్యను మధ్య రంధ్రం చుట్టూ ఉండే పారదర్శక భాగంలో నీటి సిరా మార్కర్‌తో రాయవచ్చు. కేటలాగులో చిత్రం పేరు తెలుగు, బెంగాలీ, రోమన్ లిపులు మూడింటిలోనూ ఉండాలి. అరువు పుస్తకంలో సభ్యుడి పేరుకు ఎదురుగా చిత్రం కోవను కూడా నమోదు చేస్తే, మరుసటి విడత కొనుగోలు జాబితా ఆర్నెల్లలో దానంతట అదే సిద్ధమవుతుంది.