పెంపుడు ఇగువానా పిల్ల: గూటి బయట తిరగడానికి అలవాటు

పచ్చ ఇగువానా మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో చెట్ల మీద బతికే శాకాహార బల్లి. గుడ్డు పగిలి బయటపడినప్పుడు తోకతో కలిపి జానెడు పొడవుంటుంది, పెరిగితే ఒకటిన్నర మీటరు దాటుతుంది. అంత పెరిగే జీవిని ఎల్లకాలం గాజు పెట్టెలో ఉంచడం కుదరదు కాబట్టి, పెంచేవాళ్లు పిల్లగా ఉన్నప్పుడే దాన్ని గదిలో తిరగడానికి అలవాటు చేస్తారు. ఈ అలవాటు గురించి చలామణిలో ఉన్న సలహా, రోజూ చేత్తో పట్టి బయటికి తీస్తే భయం పోతుందని. ఈ జీవి గురించి మనకు తెలిసిన విషయాలు దానికి ఎదురు సాక్ష్యం చెబుతున్నాయి. పిల్ల తనంతట తాను బయటికి రావాలి, అంతకన్నా ముఖ్యంగా తనంతట తాను వెచ్చని చోటికి తిరిగి పోగలగాలి. ఈ రెండో వీలు లేని సంచారం దానికి స్వేచ్ఛ కాదు, ప్రమాదం.

చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం లాంటి ఊళ్లలో ఈ విషయం మాట్లాడేముందు చట్టం సంగతి తెలియాలి. మామిడి తోట గట్టు మీద దొరికిన ఊసరవెల్లినో, గుట్ట దిగివచ్చిన ఉడుము పిల్లనో పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. శేషాచలం కొండల్లో ఉండే బంగారు బల్లికీ ఆ రక్షణ ఉంది. ఇగువానా విదేశీ జాతి, అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. 2022 చట్ట సవరణ, దాని కింద 2024లో వచ్చిన నిబంధనల మేరకు దాన్ని ఉంచుకున్నవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం చూపించలేని పిల్లను కొనకూడదు.

పిల్ల ఇగువానా కొత్త చోటికి ఎలా అడుగు పెడుతుందో అడవిలోనే చూసినవాళ్లున్నారు. పనామాలోని బారో కొలరాడో దగ్గర ఒక చిన్న దీవిలో బర్‌గార్ట్, గ్రీన్, రాండ్ అనే పరిశోధకులు గుడ్లు పెట్టిన బొరియల దగ్గర కాపు వేసి, చూసినదాన్ని 1977లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. పుట్టిన పిల్లలు ఒక్కసారిగా బయటికి ఉరకలేదు. బొరియ మూతిలోంచి తల మాత్రమే పైకెత్తి, కదలకుండా చుట్టూ చూస్తూ ఉండిపోయాయి. ఏదైనా అలికిడైతే లోపలికి జారుకున్నాయి. తర్వాతే, తరచుగా కొన్ని కలిసి, బయటపడ్డాయి. అంటే గడప దగ్గర ఆగి చూడడం ఈ జాతికి పుట్టుకతో వచ్చిన పద్ధతి. గూటి తలుపు తెరిచి పక్కన మౌనంగా కూర్చుంటే ఇంట్లో పిల్ల కూడా అదే చేస్తుంది: ముందుకాళ్లు అంచు మీద పెట్టి, తల ఎత్తి, ఒక కన్ను గది వైపు తిప్పి చాలాసేపు ఆగుతుంది. నాలుక చాచి అంచును తాకి చూస్తుంది. ఒక అడుగు వేసి మళ్లీ వెనక్కి పోతుంది. ఈ వెనక్కి పోవడాన్ని పిరికితనంగా లెక్కగట్టి చెయ్యి చాచి లాగేవాళ్లు, అది నేర్చుకుంటున్న పాఠాన్ని మధ్యలో తెంచేస్తున్నారు.

చెయ్యి పైనుంచి రావడం మరీ చెడ్డది. ఇగువానా నడినెత్తిన, రెండు కళ్లకూ కాస్త వెనకగా, చిన్న పాలిపోయిన పొలుసు కనబడుతుంది. దాని కింద వెలుగునీడల తేడా పసిగట్టే మూడో కన్ను ఉంది. అడవిలో పై నుంచి పడే నీడ గద్దది కావచ్చు. 2000లో కబానాక్ అనే ఇంటిపేరున్న ఇద్దరు పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో, మెల్లగా చేత్తో పట్టుకున్నా ఇగువానా గుండె వేగం బాగా పెరిగింది. పైకి కదలకుండా చేతిలో పడి ఉన్న పిల్ల శాంతంగా ఉందని అనుకోవడానికి వీల్లేదని దీనివల్ల తేలుతుంది. ఇంకా గట్టిగా పట్టుకుంటే తోక తెగిపోవచ్చు. మళ్లీ మొలిచే తోకలో ఎముక ఉండదు, మృదులాస్థి మాత్రమే ఉంటుంది.

ఇక వేడి సంగతి. బల్లి తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు, చోటు మారి తెచ్చుకుంటుంది. తిన్నది అరగడానికి, జబ్బుతో పోరాడడానికి కూడా దానికి ఆ చోటే ఆధారం. 1974లో వాన్, బెర్న్‌హైమ్, క్లూగర్ అనే పరిశోధకులు వేరే జాతి అయిన ఎడారి ఇగువానాలకు బాక్టీరియా ఎక్కించి చూస్తే, అవి మామూలుకన్నా వేడి చోటును ఎంచుకుని జ్వరం తెచ్చుకున్నాయి. అలా వేడెక్కనివ్వని వాటిలో చావులు ఎక్కువని మరుసటి ఏడాది ప్రయోగం చూపించింది. 1998లో బలాస్కో, కబానాక్ పిల్ల ఇగువానాలకే పరీక్ష పెట్టారు: వెచ్చని మూల ఒకవైపు, చల్లని చోట ఇష్టమైన ఆకు మరోవైపు. చలి పెరిగేకొద్దీ అవి ఆకు కోసం వెళ్లడం తగ్గించాయి. రుచికీ వెచ్చదనానికీ మధ్య బేరీజు వేసుకోగల జీవి ఇది. దాని చేతిలోంచి ఆ బేరీజును లాక్కుని, ఏసీ గదిలో నున్నటి టైల్స్ మీద వదిలితే, చల్లబడి మందగించి మూలన ముడుచుకుంటుంది. యజమాని అది బాగా మచ్చికైందని సంబరపడతాడు.

‘చిత్తూరు ఎండలకు వేరే వేడి ఎందుకు?’ అనే ప్రశ్న సహజమే. ఇగువానా ఒళ్లు సుమారు 35 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. కత్తిరి ఎండల్లో సిమెంటు మిద్దె కింద గది వేడి ఆ మేరను దాటిపోయినప్పుడు దానికి కావలసింది నీడ, నీళ్లు. నోరు తెరిచి ఆయాసపడుతుంటే ఆ పూట సంచారం ఆపేయాలి. ధనుర్మాసపు తెల్లవారుజామున పరిస్థితి తలకిందులు. పలమనేరు వైపు మెట్ట గాలికి గది చల్లబడితే పొద్దెక్కి, దీపం కింద అది వెచ్చబడ్డాకే తలుపు తెరవాలి. కిటికీ అద్దంలోంచి పడే ఎండ వెచ్చదనం ఇస్తుంది గానీ, డి విటమిన్‌కు అవసరమైన అతినీలలోహిత యూవీబీ కిరణాలను గాజు చాలావరకు ఆపేస్తుంది. ఆ లోటు నెలల తరబడి సాగితే పిల్ల ఎముకలు మెత్తబడి వంకరపోతాయి. అందుకే గూట్లోని యూవీబీ దీపం, దాని కిందికి చేర్చే కొమ్మ ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

గదిని సిద్ధం చేయడమే అలవాటులో పెద్ద పని. గూటి తలుపు నుంచి నేలకు ఒక గరుకు కొమ్మ వాలుగా ఉంచాలి. ఫ్యాన్ ఆపాలి, బీరువా వెనక సందులు మూయాలి. దోమల మందు, బొద్దింకల సుద్దముక్క గీతలు ఉన్న గదిలో వదలకూడదు. గూటి ఎదుట మందారాకో మునగాకో పెడితే వచ్చేందుకు కారణం దొరుకుతుంది. బంగారుపాళ్యం చుట్టుపక్కల ఇక్కడో ప్రత్యేక జాగ్రత్త కావాలి. మామిడి పూతకు తేనెమంచు పురుగు పట్టకుండా తోటల్లో మందు కొట్టే రోజుల్లో, గట్ల మీది ఆకు కోసి పెట్టరాదు, పెరట్లో పెంచినదే పెట్టాలి. తిరిగిన నేలను, పట్టుకున్న చేతులను సబ్బుతో కడగాలి. ఆరోగ్యంగా కనబడే ఇగువానా పేగుల్లోనూ సాల్మొనెల్లా ఉండొచ్చు, పసిపిల్లలున్న ఇంట్లో ఇది తీవ్రమైన విషయం.

చేత్తో ముట్టకపోతే పెద్దయ్యాక మీద పడుతుందని, పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లడం కష్టమవుతుందని ఒక అభ్యంతరం ఉంది. అందులో నిజం ఉంది. స్పర్శ అలవాటు కావాల్సిందే. అయితే అది పక్కనుంచి, కంటికి కనబడేలా, ఆకు అందించే చేతితో మొదలవ్వాలి, పిల్ల స్వయంగా చేతిమీదికి ఎక్కాకే ఎత్తాలి. ఇలా చేస్తే ఆలస్యమవుతుందన్నది రెండో అభ్యంతరం. ఆలస్యం నిజమే, కానీ తొందరపడి బెదరగొట్టిన పిల్ల మళ్లీ గడప దాటడానికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది.

బయట తిరగడానికి ఇంటి గోడే హద్దు. పెంపకందారులు వదిలేసిన, తప్పించుకున్న ఇగువానాలు ఫ్లోరిడాలో, ప్వెర్టో రికోలో పెరిగిపోయి తోటలకు, కట్టలకు నష్టం చేస్తున్నాయి. ఫ్లోరిడాలో అప్పుడప్పుడు వచ్చే గడ్డకట్టే చలికి అవి కొయ్యబారి చెట్ల మీంచి రాలిపడతాయి. చిత్తూరు జిల్లాలో వాటిని అడ్డుకునే ఆ పాటి చలి కూడా ఉండదు, పైగా మామిడి తోటలూ కౌండిన్య అభయారణ్యమూ దగ్గరే ఉన్నాయి. పెంచలేని పరిస్థితి వస్తే ఇగువానాను తోటలోనో అడవిలోనో వదలకండి, అటవీశాఖ అధికారులకు తెలియజేసి అప్పగించండి.