ఏ యాదగిరి?

తిరుమలగిరి మార్కెట్ యార్డులో వడ్ల కుప్పల మధ్య నిలబడి ‘యాదగిరీ’ అని ఒక్క కేక వేయండి. నలుగురు తల తిప్పి చూస్తారు. యాదగిరిగుట్ట నరసింహస్వామికి మొక్కుకుని పెట్టుకునే పేరు కాబట్టి ఈ చుట్టుపక్కల ఊళ్లలో దానికి కరువు లేదు. లింగయ్యలు, మల్లయ్యలు, వెంకన్నలు, ఐలయ్యలు కూడా అంతే. ఫలానా యాదగిరి కావాలని అడిగితే పక్కనున్నాయన ముందుగా అనే మాట ‘ఏ యాదగిరి?’ దానికి ‘గుర్రమోళ్ల యాదగిరి’ అనో, ‘మేకలోళ్ల యాదగిరి’ అనో, అదీ తెలియకపోతే ‘బాయికాడి మల్లయ్య కొడుకు’ అనో జవాబు చెప్పాలి. ఇంటిపేరు పుట్టింది ఇలాంటి చోటే.

దీన్ని ఎవరో ఒక పెద్దమనిషి మంచిరోజు చూసి కనిపెట్టలేదు. ఒంటిపేరు అమ్మానాన్నలు పెడతారు, ఇంటిపేరు మాత్రం ఊరు పెడుతుంది. లేకపోతే తమను తామే ‘నక్క’ అనీ, ‘గంజి’ అనీ పిలుచుకునేవాళ్లు ఎవరుంటారు? గుర్రం, మేకల, చింతల, మామిడి, మిర్యాల, కందుల, గడ్డం... ఇవన్నీ పక్కింటివాళ్లు గుర్తుకోసం అన్న మాటలు. ఇంట్లో గుర్రం ఉండేది, వాకిట్లో చింతచెట్టు ఉండేది, తాతకు గుబురు గడ్డం ఉండేది. గుర్రం పోయింది, చెట్టు కొట్టేశారు, మనవడు రోజూ నున్నగా గీసుకుంటున్నాడు. పేరు మాత్రం మిగిలింది.

మరి ఇంటిపేరు లేని కాలంలో ఏం చేసేవారు? దానికి జవాబు తిరుమలగిరికి దగ్గర్లోనే దొరుకుతుంది. ఇవాళ నాగారం మండలంలో ఉన్నా, మొన్నమొన్నటిదాకా తిరుమలగిరి మండలం కిందే ఉండిన ఫణిగిరి గుట్ట మీద బౌద్ధ స్తూపం, విహారాలు, తోరణం బయటపడ్డాయి. అక్కడి శాసనాల్లో ఒకటి ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరానిది. దాని ప్రకారం చక్రస్తంభం నిలబెట్టించిన దాత పెద్ద వైద్యుడు. ఇంటిపేరు కాదు, వృత్తే అక్కడ గుర్తు. ఆ వంశపు రాజులనే తీసుకోండి. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు. అంతకుముందు గౌతమీపుత్ర శాతకర్ణి. ఏ రాజు అంటే ఫలానా గోత్రపు తల్లి కన్న రాజు అని చెప్పుకున్నారు. ఇంటి ఆడపడుచు పెళ్లయిన మర్నాడే పుట్టింటి పేరు వదులుకోవాలనే మన ఆచారం పక్కన దీన్ని పెట్టి చూస్తే, పదిహేడు వందల ఏళ్ల కిందటి ఆ పద్ధతే మర్యాదగా ఉందనిపిస్తుంది నాకు.

ఇంటిపేర్లు చిక్కబడింది కాకతీయుల కాలానికి. సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రికి వెళ్తే రేచర్ల వంశం వాళ్ల శాసనాలు, గుళ్లు కనిపిస్తాయి. నామిరెడ్డి కట్టించింది నామేశ్వరాలయం. బేతిరెడ్డి తన భార్య ఎరకసానమ్మ పేరుతో 1208లో కట్టించింది ఎరకేశ్వరాలయం. అదే రేచర్ల పేరు గల రుద్రుడు, గణపతిదేవుడి సేనాని, 1213లో పాలంపేటలో రామప్ప గుడి కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది ఆ గుడే. కాకతీయులు పోయాక రాచకొండ, దేవరకొండ ఏలిన పద్మనాయకులూ రేచర్లవారే. అటు రెడ్లు, ఇటు వెలమలు, మరోపక్క గోత్రం పేరుగా కూడా అదే మాట. ఇంటిపేరు చూసి కులం చెప్పేస్తామనే వాళ్లు పిల్లలమర్రి దాకా ఒకసారి వచ్చిపోతే మంచిది.

పిల్లలమర్రి మరో సంగతి కూడా చెబుతుంది. పదిహేనో శతాబ్దంలో శృంగార శాకుంతలం, జైమిని భారతం రాసిన కవి పిల్లలమర్రి పినవీరభద్రుడు. ఊరిపేరే ఆయన ఇంటిపేరు. పిల్లలమర్రిలోనే కాపురం ఉన్నవాణ్ణి ఎవరూ ‘పిల్లలమర్రి వీరభద్రుడు’ అనరు. అక్కడ అందరూ పిల్లలమర్రివాళ్లే కదా, అది గుర్తుకు పనికిరాదు. ఊరు విడిచి ఇంకో ఊళ్లో స్థిరపడ్డప్పుడే వెనకటి ఊరు ఇంటిపేరవుతుంది. కాబట్టి ఊరిపేరు ఇంటిపేరుగా గలవాళ్లు తమ సొంతూరు ఏదో చెబుతున్నామనుకుంటారు గానీ, చెబుతున్నది తమ పెద్దలు ఎక్కడినుంచి కదిలారో. ‘తిరుమలగిరి’ అని ఇంటిపేరుంటే చిక్కు ఇంకొంచెం పెద్దది. సూర్యాపేట, జనగామ రోడ్డు మీదున్న తిరుమలగిరా, నాగార్జునసాగర్ దగ్గరి తిరుమలగిరా, సికింద్రాబాద్ తిరుమలగిరా? మళ్లీ ‘ఏ’ అని అడగాల్సిందే.

ఉద్యోగం ఇంటిపేరయ్యే తీరు చూడాలంటే కాస్త దూరం, స్కాట్లాండ్ దాకా పోవాలి. అక్కడ స్టువర్ట్ అన్నది చాలా మామూలు ఇంటిపేరు. పన్నెండో శతాబ్దంలో మొదటి డేవిడ్ రాజు కొలువులో వాల్టర్ అనే ఆయన చేరాడు. ఆయనను ఫిట్జ్ అలన్ అనేవారు, అంటే అలన్ కొడుకు అని. మన ‘మల్లయ్య కొడుకు యాదగిరి’ లెక్కే. రాజుగారి ఇంటి పెత్తనం చూసే స్టీవార్డు ఉద్యోగం ఆయనకు దక్కింది, తర్వాత అది వంశపారంపర్యమైంది. కొన్ని తరాలు గడిచేసరికి తండ్రి పేరు చెప్పుకోవడం పోయి ఉద్యోగమే ఇంటిపేరుగా కుదిరింది. ఆ వరసలో ఆరో స్టీవార్డు, రాబర్ట్ బ్రూస్ రాజు కూతురు మార్జొరీని పెళ్లాడాడు. వాళ్ల కొడుకు 1371లో సింహాసనం ఎక్కాడు. రాజు ఇంట్లో లెక్కలు చూసినవాడి పేరు రాజవంశం పేరైంది! 1603లో వాళ్లే ఇంగ్లండ్‌కూ రాజులయ్యారు. 1714లో ఆన్ రాణి చనిపోయేదాకా ఏలారు. ఫ్రాన్స్‌లో పెరిగిన మేరీ రాణి కాలంలో ఫ్రెంచివాళ్ల అలవాటుకొద్దీ స్పెల్లింగు కూడా మారింది. ఇప్పటికీ ఆ పేరును రెండు మూడు రకాలుగా రాస్తారు. పైగా అది మగపిల్లల ఒంటిపేరుగా, గళ్ల ఉన్నిబట్ట పేరుగా కూడా చలామణీలో ఉంది.

ఆ వంశం వాళ్లదే ఒక ఘోరం కూడా ఉంది. ఆరో జేమ్స్ రాజు 1603లో మెక్‌గ్రెగర్ అనే ఇంటిపేరునే నిషేధించాడు. మెక్‌గ్రెగర్లు పగలూ ప్రతీకారాలతో గొడవ చేస్తున్నారని, ఆ పేరు పెట్టుకున్నవాళ్లకు మరణశిక్ష అన్నాడు. జనం ప్రాణభయంతో వేరే పేర్లు తగిలించుకున్నారు. మధ్యలో కొన్నాళ్లు సడలించి మళ్లీ బిగించారు, పూర్తిగా ఎత్తేసింది 1774లో. పేరు చెప్పుకోవడమే నేరమైన రోజులు మన ఊళ్లలో ఇంతవరకు లేవు, అది అదృష్టమే. వెక్కిరింపు పేర్లు మాత్రం వాళ్లకూ ఉన్నాయి. పేరుమోసిన క్యాంప్‌బెల్ వంశం పేరుకు అర్థం వంకరమూతి.

మన దగ్గర స్టీవార్డుకు సాటివాళ్లు పటేళ్లు, పట్వారీలు. నిజాం కాలంలో శిస్తు వసూలుకు మాలీ పటేలు, శాంతిభద్రతలకు పోలీస్ పటేలు, లెక్కలకు పట్వారీ. మూడూ వతన్లే, తండ్రి తర్వాత కొడుకు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేసింది. ఉద్యోగం పోయి నలభై ఏళ్లు దాటినా ‘ఏం పటేలా, బాగున్నవా’ అనే పిలుపు పోలేదు. కోస్తాలో ఆ పని చేసిన కరణం ఏకంగా ఇంటిపేరే అయ్యింది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళగా నిలిచిన కరణం మల్లీశ్వరి పేరు ముందున్నది అదే.

ఇక ఇంటిపేరు ఉండి కూడా ఊరిపేరే గెలిచిన వాళ్లు ఈ ప్రాంతంలో కొల్లలు. ఒకప్పటి హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు అసలు ఇంటిపేరు వేరే. పుట్టింది కల్వకుర్తి దగ్గరి పడకల్‌లో. అప్పటి పాలమూరు జిల్లా బూర్గుల గ్రామం పేరుతోనే లోకానికి తెలిశారు. తిరుమలగిరికి పక్కనే ఉన్న మోత్కూరు వైపు పాలడుగులో పుట్టిన సుద్దాల హనుమంతు ఇంటిపేరు గుర్రం. సుద్దాలలో స్థిరపడ్డారు, తెలంగాణ సాయుధ పోరాటంలో పాటలు కట్టారు, ఊరిపేరు అతుక్కుపోయింది. ఆయన కొడుకు, సినీకవి అశోక్ తేజ కూడా సుద్దాలే. ఎవరైనా ‘గుర్రం అశోక్ తేజ’ అని వెతికితే జనం తికమకపడతారు. ఊరు ఒకరి పేరు మార్చిందంటే ఆ మనిషి ఎదిగాడని అర్థం. చిన్నవాళ్లకు ఇంటిపేరు, పేరున్నవాళ్లకు ఊరిపేరు.

ఊరు ఎప్పుడూ అంత ఉదారంగా ఉండదు. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి, తన పంటను తన ఇంటికి తెచ్చుకున్న పాలకుర్తి ఐలమ్మ అత్తింటి పేరు చిట్యాల. జనం నోట ఆమె ‘చాకలి ఐలమ్మ’. కింది కులాల వాళ్లకు ఇంటిపేరు ఉన్నా పలికే ఓపిక ఊరి పెద్దలకు ఉండేది కాదు, కులం పేరే ముందు తగిలించేవారు. దొరలకు ఎదురు నిలిచి, కడవెండిలో 1946 జూలై 4న తూటాకు నేలకొరిగిన కొమరయ్యకు మాత్రం దొడ్డి అనే ఇంటిపేరు దక్కింది. దొడ్డి అంటే పశువులను తోలే తావు. చాకలి అన్న మాటను చిన్నచూపుతో అన్నవాళ్లున్నారు, ఐలమ్మ తర్వాత అది తలెత్తుకునే మాటైంది. ఆచార్య కంచ ఐలయ్య కొన్నేళ్ల కిందట తన పేరు చివర ‘షెపర్డ్’ అని చేర్చుకున్నారు. ఇంగ్లిషువాళ్లలో కమ్మరి, కుమ్మరి, గొర్రెల కాపరి అన్నవి దర్జాగా ఇంటిపేర్లయినప్పుడు మనకెందుకు సిగ్గు అన్నది ఆయన వాదం.

ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన మలుపు హైదరాబాద్ కోఠీలో ఉంది. నిజాం దగ్గర ఈస్టిండియా కంపెనీ తరఫున 1798 నుంచి 1805 దాకా రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ అక్కడ పెద్ద భవనం కట్టించాడు. మద్రాసులో పుట్టినా ఇంటిపేరు స్కాట్లాండ్‌ది, పాట్రిక్ పేరిట ఉన్న చర్చి అని అర్థం. అంటే అదీ ఊరిపేరే. నిజాం ఆయనకు ‘హష్మత్ జంగ్’ అని బిరుదిచ్చాడు. ఖైరున్నిసాను పెళ్లాడి ఇద్దరు పిల్లల్ని కన్నాడు. కొడుకు సాహిబ్ ఆలం, కూతురు సాహిబ్ బేగం. 1805లో పసిపిల్లల్ని ఓడెక్కించి ఇంగ్లండ్ పంపారు. అదే ఏడు తండ్రి కలకత్తాలో పోయాడు. మరుసటి ఏడు లండన్‌లో బాప్తిస్మం ఇచ్చి విలియం జార్జ్ కిర్క్‌పాట్రిక్, కేథరిన్ అరోరా కిర్క్‌పాట్రిక్ అని రాశారు. తల్లి పెట్టిన పేరు పోయి, తండ్రి ఇంటిపేరు ఒక్కటే వాళ్లను ఈ నేలకు కట్టిన తాడుగా మిగిలింది. ఆ భవనంలోకి 1949లో మహిళా కళాశాల వచ్చింది. అది విశ్వవిద్యాలయమయ్యాక, 2024లో తెలంగాణ ప్రభుత్వం దానికి చాకలి ఐలమ్మ పేరు ప్రకటించింది. స్కాట్లాండ్ చర్చి పేరు మోసిన దొరగారి భవనం మీదికి పాలకుర్తి చాకలి పేరు వచ్చి కూర్చుంది.

ఇప్పుడు ‘ఏ యాదగిరి?’ అని అడిగేది పక్కింటాయన కాదు, ఎయిర్‌పోర్టు కౌంటరు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ప్రపంచంలో చాలా చోట్ల వెనక రాస్తారు. పాములపర్తి వెంకట నరసింహారావు ప్రధాని అయితే విదేశీ పత్రికలు ‘మిస్టర్ రావు’ అనేశాయి. రావు ఆయన ఇంటిపేరనుకున్నారు పాపం, అసలుది ‘పి’ అనే ఒక్క పొడి అక్షరంలో దాక్కుని ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, ఒంటిపేరుకు ఒక గడి. మొత్తం పేరునంతా ఒకే గడిలో రాయించుకున్నవాళ్లకు అమెరికా వీసాలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని వస్తుంది, అంటే మొదటి పేరు తెలియదు అని. యాదగిరి అని అమ్మ పెట్టిన పేరు ఉండగా తెలియదు అంటారేమిటి అని మన పిల్లలు నెత్తి కొట్టుకుంటారు. 2022 నవంబరులో యూఏఈ ఇంకో అడుగు వేసి, పాస్‌పోర్టులో ఒకే పేరున్న వాళ్లకు టూరిస్టు, విజిట్ వీసాల మీద ప్రవేశం లేదంది.

పేరును గడ్డకట్టించింది ఊరు కాదు, కాగితం. ఊరిలో ఉన్నన్నాళ్లు ఇంటిపేరు అవసరాన్నిబట్టి మారేది. పట్వారీ పహాణీలో, బడి రిజిస్టరులో, ఓటరు జాబితాలో ఎక్కాక ఒకచోట నిలిచింది. బడిలో మొదటి అక్షరం ఒక్కటే రాసి మిగతాది మింగేశారు. ‘కె. యాదగిరి’ అంటే కందులా, కొండా, కంచా? మూడు తరాల తర్వాత ముని మనవడు తనెవరో ఆ ‘కె’ నుంచి తెలుసుకోలేడు. అందుకే ఒక మాట. ఇంట్లో బిడ్డ పుడితే జనన ధ్రువీకరణ పత్రంలో ఇంటిపేరు పొడి అక్షరంతో సరిపెట్టకండి, పూర్తిగా రాయించండి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, పాస్‌పోర్టులో స్పెల్లింగు ఒక్కటే ఉండేలా చూసుకోండి. దిద్దుబాటుకు ఆఫీసుల చుట్టూ తిరగడం కన్నా ఇప్పుడే రెండు నిమిషాలు ఆగి రాయించడం తేలిక.