తూర్పు పడమరల తీగ

కొలంబోలో మొట్టమొదట గాలిలోకి పాట పంపింది ఒక జర్మన్ జలాంతర్గామి సామాను. మొదటి ప్రపంచయుద్ధంలో పట్టుబడ్డ సబ్‌మెరైన్‌లోంచి ఊడదీసిన వైర్‌లెస్ భాగాలతో అక్కడి టెలిగ్రాఫ్ ఇంజనీర్లు 1920లలో ఒక ట్రాన్స్‌మిటర్ కూర్చారు. వాళ్ళ పెద్ద ఎడ్వర్డ్ హార్పర్. సెంట్రల్ టెలిగ్రాఫ్ ఆఫీసులో ఓ చిన్న గదిలోంచి గ్రామఫోను రికార్డులు వేశారు. ఆ సరదాయే 1925 డిసెంబరులో కొలంబో రేడియోగా స్థిరపడి, ఆనక రేడియో సిలోన్ అయింది. మీనాక్షి పొన్నుదురై గారు తెలుగు పాటలు వినిపించిన ఆ సిలోనే.

అప్పుడే, 1924 జులై 31న, మద్రాసులోనూ ఇలాంటి పనే జరిగింది. సి.వి. కృష్ణస్వామి చెట్టి ఇంగ్లండు నుంచి రేడియో భాగాలు మోసుకొచ్చారు. ఆయన పూనికతో పుట్టిన మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ 40 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో ప్రసారాలు మొదలెట్టింది. డబ్బు చాలక 1927లో మూతపడింది. బెజవాడ అప్పట్లో ఆ ప్రెసిడెన్సీలోదే కాబట్టి దీన్ని మన ఖాతాలో కూడా రాసుకోవచ్చు.

అసలు షార్ట్‌వేవ్ అన్నదే సరదాగాళ్ళ సొత్తు. 1912లో అమెరికా చట్టం ఔత్సాహికులను 200 మీటర్లకు దిగువన ఉన్న తరంగాలకు తోసేసింది, అవి ఎందుకూ కొరగావన్న ధీమాతో. 1923 నవంబరులో ఆ తరంగాల మీదే ఫ్రాన్సులోని లియాన్ డెలువా, అమెరికాలోని ఫ్రెడ్ ష్నెల్ అట్లాంటిక్‌కు అటొకరు ఇటొకరు కూర్చుని సందేశాలు మార్చుకున్నారు. ఆ తరవాత పెద్ద కంపెనీలూ ప్రభుత్వాలూ అటే పరిగెత్తాయి.

నడుమ పాతికేళ్ళు గబగబా దాటేస్తాను. మన దేశంలో వచ్చిన ఒక్క 1933 చట్టం దగ్గర మాత్రం ఆగాలి. వైర్‌లెస్ పరికరం లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరమంది అది. కొన్న సెట్టయినా సరే, అగ్గిపెట్టె డబ్బాలో సొంతంగా కూర్చిందయినా సరే. పోస్టాఫీసుకెళ్ళి ఏటేటా రుసుము కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాల్సి వచ్చేది. ఈ తతంగం పోవడానికి 1980ల దాకా పట్టింది. ఈలోగా 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి వచ్చింది.

ఇక నాకు ఇష్టమైన కాలం. 1952లో సమాచార మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటంటే గిట్టదు. ఆకాశవాణిలో సినిమా పాటలు కరువయ్యాయి. సిలోను దగ్గరేమో, యుద్ధకాలంలో మౌంట్‌బాటెన్ సైనికుల కోసం తలపెట్టిన రేడియో సియాక్ వదిలిపోయిన 100 కిలోవాట్ల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ ఉంది. శ్రోతలంతా అటు తిరిగారు. 1957లో వివిధభారతి పుట్టిందంటే ఆ దెబ్బకే. మంత్రిగారి అభిరుచి వల్ల జనానికి మూడు బ్యాండ్ల సెట్టు మీద మోజు పుట్టింది. ఇంతకంటే మంచి ప్రచారం ఏ రేడియో కంపెనీ చెయ్యగలదు?

మ్యాపు తీసి చూడండి. కొలంబో విజయవాడకు దాదాపు నిట్టనిలువుగా దక్షిణాన ఉంది, వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరంలో. మీడియంవేవ్ పట్టపగలు అంతదూరం రాదు. షార్ట్‌వేవ్ పై ఆకాశంలోని అయనోస్ఫియర్ పొరకు తగిలి వంగి దిగుతుంది. (వాల్తేరులో ప్రొఫెసర్ బి. రామచంద్రరావు గారు ఈ పొర మీదే ఏళ్ళ తరబడి పరిశోధించారు.) విజయవాడలోని భవానీపురానికి ఉత్తరాన కొండలున్నా దక్షిణాన అడ్డేముంది, కృష్ణ తప్ప! డాబా మీద ఏరియల్‌గా రాగితీగను తూర్పు పడమరలుగా కడితే దాని పక్కలు ఉత్తర దక్షిణాలకు తిరుగుతాయి. తీగ బాగా పట్టేది పక్కలనుంచే. 25 మీటర్ల బ్యాండుకు అందులో సగం, పన్నెండున్నర మీటర్లు, చాలు.

సెట్టుకు ఎక్కువ సామానక్కర్లేదు. న్యూయార్కులో చదువుకుంటున్న ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1912లో కనిపెట్టిన రీజనరేటివ్ సర్క్యూట్ ఒక్క ట్రాన్సిస్టర్‌తో పనిచేస్తుంది. బెంగుళూరు బెల్ వారి బి.ఎఫ్. 194 ట్రాన్సిస్టర్, ఒక గ్యాంగ్ కండెన్సరు, మాత్రల సీసా మీద చుట్టిన కాయిలు, హెడ్‌ఫోను. కావలసినవి మద్రాసు రిచీ స్ట్రీట్‌లోనో హైదరాబాదు కోఠీలోనో దొరికేవి. బలపడిన సిగ్నల్‌లో కొంత మళ్ళీ మొదటికే తిప్పుతారు. ఎక్కువైతే ఈల. ఆ ఈల పుట్టబోయే అంచున నాబ్ ఆపడమే విద్య. అంచు దాటితే మీ సెట్టే చిన్న ట్రాన్స్‌మిటరై, పక్కింటి రేడియోలో కూడా ఈల వేస్తుంది. చెయ్యి దగ్గరకు తెస్తే స్టేషన్ జరిగిపోతుంది, అందుకే నాబ్ వెనక ఎర్త్ చేసిన రేకు పెడతారు. విజయవాడ ఆకాశవాణి, 837 కిలోహెర్ట్జ్, పిలవకుండానే షార్ట్‌వేవ్ మీదకూడా వచ్చి కూర్చుంటుంది. చేసిన రేడియోకు మొదటి శత్రువు ఊళ్ళోని రేడియోయే.

ఇప్పుడు సినిమా పాట ఫోనులో ఉంది, పోయింది పాట కాదు. ఎక్కడో మోగుతున్న దాన్ని వినే పరికరం నేనే చేశానని చెప్పగల మనుషులు తగ్గిపోయారు. ఆకాశవాణి సైతం షార్ట్‌వేవ్ చాలామటుకు ఆపేసింది. దాన్ని నష్టంగా లెక్కగట్టినవాళ్ళు నాకు తారసపడలేదు.

అయినా కూర్చిన సెట్టును పరీక్షించాలంటే దారి ఉంది. 10 మెగాహెర్ట్జ్ దగ్గర ఢిల్లీ ఫిజికల్ లేబరేటరీ వారి కాలసంకేతాల స్టేషన్ ఏ.టి.ఏ. టిక్కుటిక్కులు ఒకప్పుడు వచ్చేవి, ఇప్పుడు లేవు. చైనా వారి బి.పి.ఎం. మాత్రం అదే చోట సెకన్లు లెక్కపెడుతూనే ఉంది. అది వినబడిందంటే డయలు గీత సరిగ్గా పడ్డట్టే. వినబడకపోతే ముందు ఇంటి మెయిన్ స్విచ్ ఆపి, బ్యాటరీ మీద వినండి. బరబర తగ్గితే తప్పు మీ ఎల్.ఇ.డి. బల్బులదీ ఫోను చార్జరుదీ. తగ్గకపోతే అది పక్క అపార్ట్‌మెంటుది. అప్పుడిక సెట్టు చంకన పెట్టుకుని కృష్ణ ఒడ్డున పున్నమి ఘాట్‌కు నడవడమే.